దొరగారి సమాధికి తెల్ల రంగు

మా అమ్మ ఒక సమాధికి తెల్ల పెయింట్ వేసింది. జరిగింది నిజానికి అంతే. ఇదే ముక్క మా ఊళ్ళో చెబితే మంచి పని చేసిందంటారు. న్యూజెర్సీలో మాత్రం దానివల్ల మా సంఘానికి తలదాచుకునే చోటు ఉంటుందో పోతుందో తెలియని పరిస్థితి వచ్చింది.

పార్సిప్పనీ నుంచి అరగంట డ్రైవ్ చేస్తే ఒక పాత ఊరు వస్తుంది. అక్కడి రాతి చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం అద్దెకు తీసుకునేది. పొద్దున వాళ్ళ ఆరాధన, వాళ్ళు వెళ్ళాక మాది. వాళ్ళు గుప్పెడు మంది, దాదాపు అందరూ రిటైరైన వాళ్ళు. మేమేమో పిల్లాపాపలతో హాలు నిండా ఉంటాం. అంతకుముందు కొన్నాళ్ళు ఒకరి బేస్‌మెంట్‌లో, కొన్నాళ్ళు ఒక మోటెల్ మీటింగ్ రూమ్‌లో, ఆ తర్వాత కరాటే నేర్పే హాల్లో కూడుకున్నాం. ఆ కరాటే హాల్లో గోడ మీద తన్నుతున్న మనిషి బొమ్మ కింద నిలబడి మా పాస్టర్ గారు శాంతి గురించి ప్రసంగించేవారు. అందుకని బెంచీలు, గంట, వెనక సమాధుల దొడ్డి ఉన్న అసలైన చర్చి దొరికిన రోజు మా సంఘ పెద్ద కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన మీద నాకు బోలెడు కోపాలున్నాయి గానీ ఆ కన్నీళ్ళని మాత్రం నేనెప్పుడూ వెక్కిరించలేదు.

ఆ దొడ్డిలో ఒక రచయిత సమాధి ఉంది. అమెరికా ఇంకా దేశం కాకముందు, ఇంగ్లండు రాజుల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, ఆ చర్చికి పాస్టర్‌గా పనిచేసిన మనిషి. కుర్రతనంలో ఉత్తరాన్నుంచి గుర్రమెక్కి వచ్చాడట. అప్పటికి అక్కడున్నది అడవి, కాసిని పొలాలు, ఏటి ఒడ్డున ఒక పిండిమర. జీతం కింద ఊరివాళ్ళు కట్టెలూ గోధుమలూ ఇచ్చేవాళ్ళు. చలికాలంలో గదిలో సిరా గడ్డకట్టేస్తుంటే వంటింటి పొయ్యి పక్కన కూర్చుని రాసుకునేవాడట. బోలెడు ప్రసంగాలు అచ్చు వేయించాడు. వాటిని ఇప్పుడెవరూ చదవరు. నేను చదవబోతే రెండో పేజీకే ఆవలింతలొచ్చాయి. నరకం గురించి అంత వివరంగా రాశాడంటే ఓసారి వెళ్ళి చూసొచ్చే ఉంటాడు అనుకున్నాను.

ఆయన రాసిన వాటిలో ఒక్క చిన్న పుస్తకం మాత్రం మిగిలింది. ఒక శీతకాలం ఆ ప్రాంతంలో పిల్లలకి గొంతు జబ్బు వచ్చింది. ఇప్పుడైతే టీకా వేయించి మర్చిపోతాం. అప్పుడు గొంతులో పొర కట్టి, ఊపిరాడక, ఇంటింటా పిల్లలు పోయారు. ఈయన ఊళ్ళో పిల్లల్ని పూడ్చిపెట్టి ఇంటికొచ్చేసరికి ఇంట్లో పిల్లలు పడుకుని ఉన్నారు. నలుగురు పోయారు. ఆ చలికాలం గురించి రాసిన పుస్తకమది. దేవుడి మీద కోపాన్ని దేవుడికే చెప్పుకుంటూ రాశాడు. అందులో చెంచాల గురించి ఒక పేజీ ఉంది. పిల్లలు పోయాక కూడా భోజనం వేళకి అలవాటు కొద్దీ చెంచాలన్నీ బల్ల మీదికి వచ్చేవట. ఆయన వాటిని లెక్కపెట్టుకుని, మిగిలినవి తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి మూత వేసేవాడట.

ఆ పుస్తకం చర్చి ముందు గదిలో అమ్మకానికి ఉంటే ఒకటి కొన్నాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఒకరు చేసినదాంట్లో లొసుగులు వెతకడం నా ఉద్యోగం. అయినా ఈ పుస్తకం చదువుతున్నప్పుడు ఏ లొసుగూ వెతకలేదు, కళ్ళు తుడుచుకుంటూ చదివాను.

అమ్మకి కూడా చదివి వినిపించాను. అమ్మ మా దగ్గరే ఉంటుంది. కృష్ణా జిల్లా పల్లెల్లో బైబిల్ స్త్రీగా పనిచేసిన మనిషి. అంటే గడప గడపకీ వెళ్ళి ఆడవాళ్ళకి వాక్యం చెప్పడం, వాళ్ళ కాన్పులకీ చావులకీ పక్కన నిలబడటం. మా వైపు పాతతరం వాళ్ళకి తెల్లతోలు పాస్టర్లందరూ దొరగార్లే, వాళ్ళ భార్యలు దొరసానమ్మలే. ఇక్కడ అలా అనకూడదమ్మా అంటే, "మరేవనాలే? పేరు పెట్టి పిలవమంటావా పెద్దాయన్ని?" అనేది.

వంటింట్లో అమ్మ బెండకాయలు తరుగుతుంటే నేను పేజీ పేజీకీ తెలుగులో చెబుతూ పోయాను. చెంచాల దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆగిపోయింది.

"ఈయన మనవాడేనే," అంది అమ్మ.

ఎందుకందో నాకు తెలుసు. నాకు ఊహ తెలియకముందు ఒక తమ్ముడు పుట్టి, నడక నేర్చాక జ్వరంతో పోయాడు. మా ఊళ్ళో క్రైస్తవులకి రెండు సమాధుల దొడ్లున్నాయి. పెద్దకులాల నుంచి వచ్చిన విశ్వాసులది ప్రహరీ లోపల, మెరక మీద. ఊరవతలి మా దళితపల్లె వాళ్ళది ప్రహరీ బయట, కాలవ గట్టు పక్కన పల్లంలో. దేవుడొక్కడే, పాటల పుస్తకం ఒక్కటే, దొడ్లు మాత్రం రెండు. ఒక వరదకి కాలవ పొంగి పల్లంలోని దిబ్బలన్నీ చదునైపోయాయి. వాటితోపాటే మా తమ్ముడిదీ పోయింది. ఏటా నవంబరులో సమాధుల పండగనాడు అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నంలో కాస్త నీలిమందు కలిపి వేస్తారు, అక్షరాలకి నల్లరంగు దిద్దుతారు, బంతిపూలు పెట్టి చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మ ఆ రోజు చేతిలో సున్నం తట్టతో, ఎక్కడ వేయాలో తెలియక, గట్టు మీద నిలబడేది. నా చిన్నతనంలో నేను మర్చిపోలేని దృశ్యం అదొక్కటే.

ఆ నవంబరులో చర్చి హాలు శుభ్రం చేసే వంతు మా కుటుంబానికి వచ్చింది. శనివారం నేను లోపల కార్పెట్ వ్యాక్యూమ్ చేస్తున్నాను. అమ్మ బయట గాలికి తిరుగుతానంది. వెంట తెచ్చుకున్న సంచిలో ఏముందో నేను చూడలేదు. మా గరాజ్‌లో మిగిలిపోయిన తెల్ల పెయింట్ డబ్బా, బ్రష్షు, ఒక నల్ల పెయింట్ సీసా అందులో ఉన్నాయని తర్వాత తెలిసింది.

నేను బయటికి వచ్చేసరికి పని పూర్తయింది. గోధుమరంగు పాత రాయి కాస్తా పాలలా మెరిసిపోతోంది. అక్షరాలన్నీ నల్లగా దిద్దింది. రాతి పైభాగాన రెక్కలున్న ఒక ముఖం చెక్కి ఉంటుంది. దానికి రెక్కలు తెల్లగా వేసి, కళ్ళకి నల్లరంగుతో కాటుక తీర్చింది.

"ఇదేంటమ్మా?"

"కెరూబు కదటే, దేవదూత. కళ్ళు లేకుండా ఎట్టా వదిలేస్తాం? ఎవరూ పట్టించుకోక నాచు పట్టేసింది పాపం దొరగారికి," అంది అమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. ఆ ముఖంలో అంత తృప్తి నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. ముందు నాకు పకపకా నవ్వొచ్చింది. ఆ తర్వాత ఇది అద్దె చర్చి అని గుర్తొచ్చింది.

అది మెత్తటి ఇసుకరాయట. పెయింట్ వేస్తే లోపలి తేమ బయటికి రాక, పొరలు పొరలుగా ఊడిపోతుందట. గీకితే అక్షరాలు పోతాయి, ఉంచితే రాయి పోతుంది. ఈ సంగతులన్నీ ఆ దొడ్డిని చూసుకునే అమెరికన్ పెద్దావిడ నాకు సమాధి పక్కనే నిలబడి చెప్పింది. కేక వేయలేదు, కోప్పడలేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. బాగుచేయించే ఖర్చు మేం పెట్టుకుంటామన్నాం. అయినా జనవరిలో లీజు రెన్యూ చేయాల్సింది వాళ్ళ కమిటీ. అందులో కొందరికి మా మసాలా వాసనలూ మా పిల్లల గోలా అంతకుముందు నుంచే పడవు. ఇప్పుడు వాళ్ళకో కారణం దొరికింది.

మా సంఘ పెద్ద వాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి ఒక రాజీ కుదిర్చాడు. రెండు సంఘాలూ కలిసి ఒక సాయంత్రం కూడుకుంటాయి. ఆ రచయిత జీవితం గురించి మా తరఫున ఒకరు గౌరవంగా మాట్లాడతారు. తర్వాత మా అమ్మ లేచి నాలుగు మాటల్లో క్షమాపణ చెబుతుంది. ఆ పుస్తకం చదివింది మా సంఘంలో నేనొక్కదాన్నే కాబట్టి మాట్లాడటం నా వంతు. అమ్మ మాటల్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేయడం కూడా నా వంతే.

తర్జుమా మా ఇంటి విద్య. మా అమ్మ నాన్న, అంటే మా తాత, దొరలు ప్రసంగిస్తుంటే పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగు చేసేవాడట. ఒకసారి ఒక దొరగారు, జనం ఆలస్యంగా వచ్చారని ఒంటికాలి మీద లేచి, మీకు బొత్తిగా బుద్ధి లేదని తిట్టాడట. తాత తడుముకోకుండా, "మిమ్మల్నందర్నీ ఇట్టా చూడటం దొరగారికి మహా ఆనందంగా ఉందంట," అన్నాడట. జనం చప్పట్లు కొట్టారు. తిడితే చప్పట్లేంటని దొరగారు బిత్తరపోయాడు. అమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా మేం నవ్వేవాళ్ళం.

ప్రసంగానికి తయారవుతుంటే నా ఉద్యోగబుద్ధి నిద్రలేచింది. చెంచాల పేజీ మళ్ళీ చదివాను. ఆయన ఊరంతా తిరుగుతున్నాడు. భార్య బాలింత, మంచం మీద ఉంది. మరి భోజనం వేళకి చెంచాలు బల్ల మీదికి ఎలా వచ్చాయి? గొంతు మూసుకుపోతున్న పిల్లలకి నీళ్ళు పోసింది ఎవరు? పుస్తకంలో ఆ చేతులు లేవు. పెద్దావిడ దగ్గరికి వెళ్ళి అడిగాను.

ఆవిడ తడుముకోలేదు. "ఆయన ఇంటి బానిస," అంది. "ఆ ఇంట్లో ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. పిల్లల్ని పెంచింది ఆమే, ఆ చలికాలం వాళ్ళని చూసుకుంది కూడా ఆమే. ఆమెకి ఒక కొడుకు. పిల్లలు పోయిన మరుసటి వేసవిలో ఆయన ఆ కుర్రాణ్ణి ఎగువనున్న పిండిమర యజమానికి అమ్మేశాడు. ఇక్కడి పాతవాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఎవరూ అడగరు, అంతే."

న్యూజెర్సీలోనా అన్నాను నేను. బానిసత్వం అంటే దక్షిణాన పత్తి చేలు, కొరడాలు అని మనం సినిమాల్లో చూసి నేర్చుకున్నాం. ఇక్కడా తరాల తరబడి సాగిందని, పాస్టర్లే బానిసల్ని ఉంచుకున్నారని ఆవిడ చెబుతుంటే, ఇన్నేళ్ళుగా ఈ రాష్ట్రంలో పన్నులు కడుతున్న నాకు ఏమీ తెలియదని అర్థమైంది.

"ఆమెని ఎక్కడ పూడ్చారు?" అని అడిగాను.

"గోడ బయట. వాళ్ళందర్నీ గోడ బయటే," అంది ఆవిడ. గోడ బయట ఏముందో నేను ఆ క్షణంలో ఆలోచించలేదు. నా తలలో కాలవ గట్టు తిరుగుతోంది.

సంఘ పెద్దకి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు. ఆయనా మా పల్లెలాంటి చోటు నుంచి వచ్చినవాడే, నేనేమంటున్నానో ఆయనకి చక్కగా తెలుసు.

"సిస్టర్, అది నిజమే అయ్యుండొచ్చు. కానీ మనం టెనెంట్స్‌మి. ఓనర్ల ఇంటి గుట్టు అద్దెకున్నోళ్ళకెందుకండీ? లీజు సైన్ అయ్యేదాకా ప్లీజ్, ఆ టాపిక్ వద్దు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది."

"మరి ఊరు మంచిది కాకపోతేనో?"

"మళ్ళీ కరాటే హాలే సిస్టర్. మీరు చెప్పండి, పిల్లల్ని మళ్ళీ అక్కడికి తీసుకెళ్దామా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు ఆయన మీద, నా మీద, చచ్చిపోయి ఇన్ని తరాలైన ఆ రచయిత మీద కూడా ఒళ్ళు మండింది.

అమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. ప్రసంగంలో లేకపోయినా అమ్మకి తెలియాలి అనిపించింది. బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆమె కొడుకుని అమ్మేసిన సంగతి కూడా.

"ఆ పిల్లాడి మాట పుస్తకంలో రాశాడా?"

"లేదమ్మా."

"అట్టాగా," అంది. తువ్వాలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అమ్మ దొరగారిని క్షమించేసిందేమో అనుకుని నాకు కొంచెం బాధేసింది కూడా.

ఆ సాయంత్రం చర్చి నిండింది. ముందు బెంచీల్లో వాళ్ళు, వెనకంతా మేము. ముందుగా నేను మాట్లాడాను. అడవి, గుర్రం, గడ్డకట్టిన సిరా, గొంతు జబ్బు, నలుగురు పిల్లలు, చెంచాలు అన్నీ చెప్పాను. మింగలేక కక్కలేక, చాలా చక్కగా మాట్లాడాను. వాళ్ళ పాస్టర్ వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. సంఘ పెద్ద ముఖం వెలిగిపోయింది.

తర్వాత అమ్మ లేచింది. తెల్లచీర మీద మా ఆయన స్వెటర్ వేసుకుంది. నేను మైక్ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"అందరికీ వందనాలు. నేను రంగు వేసింది తప్పే. ఈ రాయి గుణం నాకు తెలీదు. క్షమించండి."

తర్జుమా చేశాను. ముందు వరసలో తలలు ఊగాయి.

"మా వైపు సొంతవాళ్ళ సమాధికే రంగు వేస్తాం. నా బిడ్డ సమాధిని కాలవ తీసుకుపోయింది. ఈయన తన బిడ్డల కోసం ఏడ్చాడని నా కూతురు చదివి చెప్పింది. అందుకని ఈయనకి వేశాను."

తర్జుమా చేశాను. ఒకావిడ టిష్యూ తీసుకుంది. అనుకున్న మాటలు అంతటితో అయిపోయాయి. అమ్మ కూర్చోలేదు.

"అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో చెంచాలు పెట్టింది ఒక తల్లి. ఈయన బిడ్డల్ని ఆ తల్లే మోసింది, ఆ తల్లే నీళ్ళు పోసింది. ఆమెకీ ఒక కొడుకున్నాడు. వాణ్ణి ఈయన అమ్మేశాడు. నలుగురి చెంచాలు లెక్కపెట్టుకున్న మనిషికి వాడి చెంచా లెక్కలోకి రాలేదా? ఆ తల్లిని ఎక్కడ పెట్టారో నాకు చూపించండి. నా దగ్గర ఇంకా రంగు ఉంది."

వెనక బెంచీల్లో తెలుగు వచ్చినవాళ్ళందరూ బిగుసుకుపోయారు. ముందు బెంచీల్లో వాళ్ళు చిరునవ్వుతో, ఈ ముసలావిడ ఇంకేం మంచిమాట చెప్పిందో అని నా వైపు చూస్తున్నారు. సంఘ పెద్ద నాకేసి చూసి, ఎవరికీ కనబడనంత మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఆయన ఏం కోరుతున్నాడో నాకు తెలుసు. "మీ చర్చి అంటే తనకి ఎంతో ప్రేమ అంటోంది మా అమ్మ" అంటే చాలు, చప్పట్లు కొడతారు. మా తాత అదే చేసేవాడు. మా పిల్లలు పాటలు నేర్చుకున్న హాలు అది. అమ్మ వైపు చూశాను. అమ్మ వాళ్ళని చూడటం లేదు, నన్నే చూస్తోంది. అమ్మకి ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ వింటే అర్థమవుతుంది.

ఒక్కో వాక్యం చెప్పాను. అమ్మేశాడు అన్న మాటకి ఉన్న ఇంగ్లీషు మాటే వాడాను. ఇంకా రంగు ఉంది అన్నది కూడా చెప్పాను.

జనవరిలో లీజు రెన్యూ కాలేదు. హీటింగ్ రిపేర్లున్నాయని మర్యాదగా ఈమెయిల్ రాశారు. కారణం అదేనేమో, కాదేమో. ఇప్పుడు మేం ఒక స్కూలు కెఫెటీరియాలో కూడుకుంటున్నాం. మడత కుర్చీలు వేసుకుని, అయ్యాక మళ్ళీ మేమే తీసి పెట్టాలి. సంఘ పెద్ద నాకు వందనాలు తప్ప ఇంకో మాట చెప్పడు. ఆయన్ని తప్పుపట్టలేను. కుర్చీలు మోస్తున్న ముసలివాళ్ళని చూస్తే నాకు ప్రతి వారం మనసు చివుక్కుమంటుంది. అమ్మకి మాత్రం ఆ బాధ లేదు.

ఆ సాయంత్రం మాత్రం, నేను చెప్పడం అయ్యాక, దొడ్డిని చూసుకునే పెద్దావిడ లేచి కోటు తొడుక్కుంది. "రండి, చూపిస్తాను," అంది. అమ్మ ఆవిడ వెనక నడిచింది. నేను అమ్మ వెనక నడిచాను. సమాధుల మధ్య నుంచి, తెల్లగా మెరుస్తున్న రాయి పక్క నుంచి, గోడలో ఉన్న చిన్న గేటు దాటి బయటికి వచ్చాం.

పార్కింగ్ లాట్. ఆరాధన తర్వాతి ప్రేమ విందులకి మేం బిర్యానీ గిన్నెలు దించుకునే చోటు. వాళ్ళ నాన్న కాలంలో ఆ బానిసల సమాధుల్ని చదును చేసి తారు పోశారని ఆవిడ చెప్పింది. తన చేతికర్రతో గోడ పక్క వరస చూపించింది.

అక్కడ ఆగి ఉన్నది మా కారే.

అమ్మ దాన్ని చూసింది. కోప్పడలేదు. చెప్పులు విప్పి, చలికి బిగుసుకున్న ఆ తారు మీద వట్టికాళ్ళతో నిలబడి, "కారు తియ్యవే," అంది.

ఎక్కి స్టార్ట్ చేశాను. ఎంతవరకు ఉన్నాయి సమాధులు అని అద్దం దించి ఆవిడని అడిగాను. ఎక్కడిదాకా ఉన్నాయో ఎవరికీ తెలీదంది. లాట్ అంతా కార్లే. వెనక్కి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, రోడ్డు మీదికి వచ్చి, ఇంజిన్ ఆపకుండా అలాగే కూర్చున్నాను.